విశాఖ నుంచి కొండ మీదికి: అరకు, వంజంగి, లంబసింగి వైపు టెంట్ వేసుకునేవాళ్లకు

డిసెంబరులో విశాఖ బీచ్ రోడ్డు మీద రాత్రి పదింటికి పలచటి చొక్కాతో తిరగొచ్చు. అదే రాత్రి అరకు లోయలో రగ్గు కప్పుకున్నా పళ్లు టకటకలాడతాయి. లంబసింగిలోనైతే తెల్లవారేసరికి చేతులు కొంకర్లు పోతాయి. సముద్ర మట్టం నుంచి పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుందని లెక్క. అరకు ఎత్తు 900 మీటర్లకు కాస్త ఎక్కువ. అంటే విశాఖలో 18 డిగ్రీలుంటే అక్కడ 12 ఉండాలి. కానీ మబ్బు లేని, గాలి లేని రాత్రి 5 నుంచి 8 డిగ్రీలకు పడిపోవడం మామూలే, లంబసింగిలో సున్నా దగ్గరకు వచ్చిన రాత్రులూ ఉన్నాయి. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, దాని మీద చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే చలి ఎత్తుతో పాటు చోటును బట్టి కూడా మారుతుంది. ఒకే ఊళ్లో గెడ్డ (కొండ వాగు) పక్కన ఒక చలి, దానికి పాతిక మీటర్ల పైన మరో చలి.

కొండ మీద రాత్రి ఎలా గడుస్తుందనేది సాయంత్రం నాలుగింటికే చాలావరకు తేలిపోతుంది. వెలుతురుండగా చేరి, చోటు చూసుకుని, పడక సరిగ్గా పరుచుకున్నవాళ్లకు ఇబ్బందులు తక్కువ. చీకట్లో దిగినవాళ్లకు అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. డిసెంబరు చివర్లో ఇక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది, కొండ చాటున ఇంకా ముందే. ఆ లెక్క పెట్టుకుని విశాఖలో బయల్దేరండి.

ఎప్పుడు, ఎక్కడ

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండలు పచ్చగా బాగుంటాయి గానీ టెంట్‌కు పనికిరావు. ఘాట్ మీద చరియలు విరిగిపడతాయి, గెడ్డలు అరగంటలో పొంగుతాయి, తడి గడ్డిలో జలగలు. అక్టోబరు తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ ఈ కొండల కాఫీ తోటల్లో నీడ చెట్లను కూడా కూల్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం చెబితే ప్రయాణం వారం వాయిదా వేసుకోండి. మార్చి నుంచి మే వరకు గడ్డి ఎండిపోయి ఉంటుంది, నిప్పు రవ్వ చాలు. పైగా ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు తెల్లవారుజామున చెట్ల కింద తిరుగుతాయి.

ఈ కొండల్లో ఎవరిదీ కాని నేల లేదు. ఇది ముందు మనసులో పెట్టుకోవాలి. ఖాళీగా కనిపించే మెట్ట ఒక కుటుంబం పోడు కావచ్చు, చదునుగా శుభ్రంగా ఉన్న చోటు కాఫీ గింజలు ఆరబోసే కల్లం కావచ్చు, అడవైతే రిజర్వు ఫారెస్టు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా బస చేయడం, నిప్పు పెట్టడం నేరం. 2022 ఏప్రిల్ నుంచి అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి అన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, జిల్లా కేంద్రం పాడేరు. కాబట్టి అడవిలోకి వెళ్లే పనుంటే విశాఖలో ఆఫీసుల చుట్టూ తిరగకుండా, వెళ్లే చోటి అటవీ రేంజ్ ఆఫీసులోనే అడగండి. రైతు భూమైతే ఆ ఇంటికి వెళ్లి అడగాలి. "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ గుడారం వేసుకుంటాం, మీకేమైనా అడ్డమా" అంటే చాలామంది కాదనరు. తగిన డబ్బు ఇవ్వండి, నీళ్లు ఎక్కడివి తాగొచ్చో, నిప్పు ఎక్కడ వేయొచ్చో, రాత్రి పశువులు ఏ దారిన వస్తాయో వాళ్లనే అడగండి. ఆ పది నిమిషాల మాటల్లో తెలిసేది ఏ మ్యాపులోనూ దొరకదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం టూరిజం వాళ్లో, ఊరి కుర్రాళ్లో టెంట్లు నడిపే చోటికే వెళ్లడం మేలు. మరుగుదొడ్డి ఉంటుంది, అవసరానికి పిలిస్తే పలికే మనిషి ఉంటాడు. అద్దె టెంట్లలో ఇచ్చే పరుపు పలచగా ఉంటుంది, రగ్గు ఒక్కటే ఇస్తారు. కింద పరుచుకునేది మీరే తీసుకెళ్లండి.

వంజంగి మేఘాల కొండ మీదికి మంచు సముద్రం చూడ్డానికి వెళ్లేవాళ్లు శనివారం రాత్రి ఎంచుకోవద్దు. తెల్లవారుజామున బండ్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుపోయి, సూర్యోదయం దారిలోనే అయిపోతుంది. పని దినాల్లో వెళ్లండి. శిఖరం మీద టెంట్లు వేయనిస్తారా లేదా అన్నది సీజనును బట్టి మారుతుంటుంది, పాడేరులోనే కనుక్కుని పైకి వెళ్లాలి. కొండ దిగువన పడుకుని తెల్లవారుజామున ఎక్కడమే అన్ని విధాలా హాయి. పైన గాలికి అడ్డు ఉండదు.

దారి

అరకుకు పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. పాడేరు, వంజంగి వైపైతే చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కాలి. దారిలో మాడుగుల హల్వా ఒక అర కిలో కట్టించుకోండి. నెయ్యి, పంచదార ఉన్న తిండి చలి రాత్రికి నిజంగా పనికొస్తుంది. లంబసింగికి నర్సీపట్నం మీదుగా వెళ్తారు. పెట్రోలు శృంగవరపుకోటలోనో, మాడుగులలోనో, నర్సీపట్నంలోనో నిండుగా కొట్టించుకుని ఘాట్ ఎక్కండి. డబ్బు కూడా నోట్ల రూపంలో కొంత ఉండాలి. కొండ మీద సిగ్నల్ ఒక మలుపులో ఉంటే మరో మలుపులో ఉండదు, ఫోన్‌పే మీద ఆశ పెట్టుకుంటే సంతలో కూరగాయలు కూడా దొరకవు. మ్యాపు ముందే ఫోన్లోకి దించుకోండి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు అదేపనిగా తొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు తప్పుతుంది. బ్రేకుల దగ్గర మాడు వాసన వస్తే ఆపి, అరగంట చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, లోబీమ్‌లో వెళ్లాలి.

విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజర్ రైల్లో వెళ్లడం ఎంతో బాగుంటుంది. సొరంగాలు, వంతెనలు దాటుతూ శిమిలిగూడ దగ్గర సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరే ఆ లైను మీద కిటికీ పక్క సీటు దొరికితే కళ్లు తిప్పుకోలేం. కానీ రైల్లో గ్యాస్ డబ్బాలు తీసుకెళ్లకూడదు, బస్సులోనూ అంతే. రైల్లో వెళ్లేవాళ్లు వంట ఆలోచన మానుకుని, అరకులో భోజనం మాట్లాడుకోండి.

ఘాట్ రోడ్ల మీద పోలీసు తనిఖీలు ఉంటాయి, ముఖ్యంగా గంజాయి కోసం. దారిలో ఎవరైనా "ఈ సంచి కిందికి తీసుకెళ్లి ఇచ్చెయ్ తమ్ముడూ" అంటే ససేమిరా పుచ్చుకోవద్దు. తెలియని మనిషికి లిఫ్టు ఇచ్చినా అతని సామాను మీ బండిలో ఉన్నట్టే లెక్క.

ఏమేం కావాలి

టెంట్ విషయంలో ఎక్కువమంది డబ్బు తప్పు చోట పెడతారు. ఖరీదైన టెంట్ కొని, కింద పరుచుకునేది మరిచిపోతారు. ఒంటి బరువుకు కింద ఉన్న దూది, ఊలు నలిగిపోతాయి, వాటిలో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఆగదు. అందుకే స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందమైనదైనా నేల చలిని ఆపలేదు. కనీసం 10 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్ ఒకటి, దాని మీద పాత రగ్గు నాలుగు మడతలు. రెండు రగ్గులే ఉంటే ఒకటి కిందికి, ఒకటి పైకి. రెండూ పైన కప్పుకుంటే వణకడం ఖాయం.

స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. అందులో 'కంఫర్ట్' అన్నదే మనం చూడాల్సింది. 'ఎక్స్‌ట్రీమ్' అని ఉన్నది ప్రాణం పోకుండా ఉండే హద్దు, నిద్ర పట్టే హద్దు ఎంత మాత్రం కాదు. దుకాణాల్లో పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు ఆ అంకెనే. మన కొండలకు కంఫర్ట్ 5 డిగ్రీలు ఉన్నది సరిపోతుంది.

టెంట్ రెండు పొరలది కావాలి: లోపల దోమతెర గుడ్డ, పైన వేరుగా వాన గుడ్డ. ఒకే పొర టెంట్‌లో మన ఊపిరి తేమ గోడకు పట్టి, తెల్లారేసరికి చుక్కలై మీద పడుతుంది. నలుగురుంటే, 'ముగ్గురికి' అని రాసి ఉన్న టెంట్లు రెండు తీసుకోండి. ఆ అంకెలన్నీ మనుషుల్ని పక్కపక్కనే ఇరికించి, సంచులకు చోటివ్వకుండా వేసినవి. టెంట్‌తో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు చలికాలపు ఎర్రమట్టిలో వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో ఆరంగుళాల ఇనుప మేకులు ఇరవై, చిన్న సుత్తి ఒకటి, పది మీటర్ల నైలాను తాడు కొనుక్కోండి. ఖర్చు తక్కువ, పనితనం ఎక్కువ.

బట్టలు పొరలుగా: ఒంటికి అంటుకుని చెమట పీల్చి ఆరే టీషర్టు, దాని మీద స్వెట్టర్, పైన గాలి దూరని జాకెట్. మంకీ క్యాప్, ఊలు సాక్సు రెండు జతలు. పడుకునే బట్టలు వేరుగా ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచి, పడుకునే ముందే తీయండి. పగలు నడిచిన కాటన్ చొక్కాలో చెమట ఉంటుంది, దానితోనే పడుకుంటే రెండు గంటలకు వెన్ను చల్లబడి మెలకువ వస్తుంది.

తల టార్చి మనిషికొకటి, బ్యాటరీలు అదనంగా. చలిలో ఫోన్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి దాన్నీ పవర్ బ్యాంకునూ స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకోండి. ఒక బరకం, ఒక గోనె సంచి, చిన్న గునపం, మొదటి చికిత్స డబ్బా. మోసుకుని నడవాల్సి వస్తే సంచి బరువు ఒంటి బరువులో నాలుగో వంతు దాటకూడదు. అరవై కిలోల మనిషికి పదిహేను కిలోలు. అందులో నాలుగు కిలోలు నీళ్లే ఉంటాయని గుర్తుంచుకోండి.

బయల్దేరే ముందు ఇంటి డాబా మీద టెంట్ ఒకసారి పగలు, ఒకసారి చీకట్లో టార్చితో వేసి చూడండి. విరిగిన కమ్మీ, తప్పిపోయిన జిప్పు అక్కడే బయటపడాలి. కాళ్లకు అలవాటు కావాలంటే ఊరి పక్కనే ఉన్న కంబాలకొండలో ఒక పగలు బరువు సంచితో నడిచి రండి.

చోటు, టెంట్

మూడు, మూడున్నరకల్లా చేరండి. దిగగానే సామాను విప్పకుండా ముందు చుట్టూ ఒక చుట్టు తిరగండి. లోయ అడుగున వద్దు, చలి అక్కడ చేరుతుంది. శిఖరం మీద వద్దు, గాలి. మధ్య వాలులో చదునైన మెట్టు లాంటి చోటు అన్నిటికన్నా వెచ్చన. తూర్పు తెరిచి ఉంటే పొద్దున్నే ఎండ తగిలి టెంట్ త్వరగా ఆరుతుంది. గెడ్డకు కనీసం 60 మీటర్ల దూరం, మనిషి ఎత్తుకు రెండింతలైనా పైన ఉండాలి. తలెత్తి చూడండి: ఎండు కొమ్మలున్నాయా, కొండ తేనెపట్టు ఉందా? సిల్వర్ ఓక్ చెట్టు చూడ్డానికి నిటారుగా బాగుంటుంది గానీ దాని కొమ్మ పెళుసు, గాలికి విరుగుతుంది. పైగా కాఫీ తోటల్లో ఆ చెట్టుకే మిరియాల తీగ పాకిస్తారు. దానికి తాడు కడితే తీగ తెగిపోతుంది, ఒక కుటుంబానికి ఏడాది పంట పోతుంది. చెట్లకు తాళ్లు కట్టే అలవాటే వద్దు.

నేల మీద పుట్టలు, ఎలుక బొరియలు, రాళ్ల గుట్టలు లేని చోటు చూసి, రాళ్లు, ముళ్లు ఏరేయండి. బరకం వేసి దాని మీద ఒకసారి పడుకుని చూడండి. వాలు కంటికి కనపడదు, వీపుకు తెలుస్తుంది. తల ఎగువకు ఉండాలి, లేకపోతే తెల్లారికి తలనొప్పి.

కింద వేసే బరకం టెంట్ అడుగు కంటే నాలుగు వేళ్లు లోపలికి ఉండాలి. ఎక్కువైన అంచు లోపలికి మడవండి. బయటికి ఉంటే మంచు నీరు దాని మీద పడి, జారి టెంట్ కిందికే వస్తుంది. కొత్తవాళ్ల టెంట్ లోపల తడవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, టెంట్‌ను తిట్టుకోవడం దండగ. తర్వాత లోపలి గుడ్డ పరిచి, గాలి వచ్చే వైపు రెండు మేకులు ముందు కొట్టి, అప్పుడు కమ్మీలు దూర్చండి. కమ్మీని తోయాలి, లాగితే మధ్య కీలు ఊడుతుంది. రాత్రి చల్లగాలి వాలు మీది నుంచి కిందికి దిగుతుంది కాబట్టి టెంట్ సన్నటి కొస ఎగువకు, తలుపు పక్కకు పెట్టండి. మేకు తల టెంట్‌కు దూరంగా వాలేలా ఏటవాలుగా దిగాలి. నిటారుగా కొట్టినది తాడు లాగిన కొద్దీ పైకి వస్తుంది. నేల మరీ గట్టిగా ఉంటే గునపంతో ముందు చిన్న కన్నం చేసుకోండి.

పై గుడ్డ, లోపలి గుడ్డ ఒకదానికొకటి తాకకూడదు. తాకిన చోటే తేమ లోపలికి దిగుతుంది. నైలాను గుడ్డ మంచు పట్టాక సాగుతుంది, అందుకని రాత్రి ఎనిమిదింటికి ఒకసారి తాళ్లు మళ్లీ బిగించండి. చలి అని గాలి కిటికీలన్నీ మూసేస్తే మన ఊపిరే నీరవుతుంది. పైన ఉన్న చిన్న కిటికీలు రెండూ తెరిచే ఉంచాలి.

నీళ్లు, వంట, నెగడు

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. గెడ్డ నీరు ఎంత తేటగా ఉన్నా ఎగువన ఊరుంటుంది, పశువులుంటాయి. మందపాటి గుడ్డతో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఆగి దించండి. క్లోరిన్ బిళ్లలు వాడితే ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో డబ్బా మీద చూసి వేయండి, అరగంట ఆగాకే తాగాలి.

చిన్న స్టవ్‌లకు వాడే 230 గ్రాముల బ్యూటేన్ డబ్బా మామూలు మంట మీద రెండు గంటలకు అటూ ఇటూగా వస్తుంది. నలుగురికి రెండు రాత్రులకు మూడు డబ్బాలు. బ్యూటేన్ సున్నాకు కాస్త కిందే మరుగుతుంది, కాబట్టి ఐదారు డిగ్రీల చలిలో ఆవిరి సరిగ్గా రాక మంట నీరసిస్తుంది. డబ్బా అయిపోయిందనుకుని పారేస్తారు, అది అయిపోలేదు, చల్లబడింది. పొద్దున వాడే డబ్బాను రాత్రి పడకలో పెట్టుకోండి, లేదా వెలిగించే ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలపండి. వేడినీళ్లలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, మంట దగ్గర కాచొద్దు.

టెంట్ లోపల వంట చేయకూడదు. కుంపటి, బొగ్గులు లోపలికి తేకూడదు, నిప్పు ఆరినట్టు కనిపించినా సరే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలంలో ఇళ్లలో జరిగే చావులే ఇవి, టెంట్ ఇంకా చిన్న గది.

మొదటి రాత్రికి ఇంటి నుంచి పులిహోర. చింతపండు, నూనె ఉన్నందున ఒక పూట నిశ్చింతగా నిలుస్తుంది, చేరిన రోజు అలసటలో పొయ్యి వెలిగించే పని ఉండదు. రెండో రాత్రికి పులగం. నలుగురికి బియ్యం 400 గ్రాములు, పెసరపప్పు 130 గ్రాములు, నీళ్లు రెండు లీటర్లకు పైన, ఉప్పు, మిరియాలు, జీలకర్ర, చివర్లో నెయ్యి. వెయ్యి మీటర్ల ఎత్తులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మూత పెట్టి వండినా ఇంటికన్నా కాస్త ఆలస్యమవుతుంది. బియ్యం, పప్పు అరగంట నానబెడితే గ్యాసు మిగులుతుంది. కందిపప్పు కుక్కర్ లేకుండా త్వరగా ఉడకదు, తేవద్దు. పొద్దుటికి ఉప్మా: 400 గ్రాముల రవ్వ ఇంట్లోనే పోపు పెట్టి వేయించి తెచ్చుకుంటే లీటరు మరిగే నీళ్లలో పోయడమే పని. వేయించిన పల్లీలు, బెల్లం చేతికందేలా ఉండాలి, పడుకునే ముందు ఒక గుప్పెడు తింటే ఒంట్లో వేడి నిలుస్తుంది. కూరగాయలు, అరటిపళ్లు, అడ్డాకుల విస్తళ్లు సంతలో కొనండి. డబ్బు అక్కడివాళ్లకే చేరుతుంది, ప్లాస్టిక్ ప్లేట్ల బెడదా ఉండదు.

నెగడు వేయాలని అందరికీ ఉంటుంది. ముందే నిప్పు వేసిన మసి గుంట ఉంటే అందులోనే వేయండి. గాలి విసురుగా ఉన్న రాత్రి అసలు వద్దు. కట్టెలు ఊళ్లో కొనండి, చెట్టు కొమ్మ విరవొద్దు. గుంట చుట్టూ రెండు మీటర్ల మేర ఎండు గడ్డి తీసేసి, టెంట్‌కు ఐదారు మీటర్ల దూరంలో, గాలి వాలుకు కింద ఉండేలా చూడండి. టెంట్ గుడ్డకు ఒక్క రవ్వ చాలు. గెడ్డలో నుంచి తెచ్చిన తడి రాళ్లు చుట్టూ పేర్చొద్దు, లోపలి నీరు ఆవిరై రాయి పేలుతుంది. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి వెనక వైపు దగ్గర పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా ఆరనట్టే. మట్టి కప్పితే ఆరదు, లోపల రాజుకుంటూ ఉండి తెల్లారి గాలికి లేస్తుంది. తేనెపట్టు ఉన్న బండ కింద పొగ పెట్టడం ప్రాణాంతకం.

చలికి మందు తాగితే వెచ్చగా ఉంటుందన్న మాట నమ్మొద్దు. చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఎవరికైనా వణుకు ఆగకుండా, మాట తడబడుతూ, అడుగులు తప్పుతుంటే తడి బట్టలు విప్పి, పొడి బట్టలు, టోపీ వేసి, రగ్గుల్లో చుట్టి, స్పృహలో ఉంటే తీపి వేడి పాలు తాగించండి. కాళ్లూ చేతులూ రుద్దొద్దు, ఒంటరిగా వదలొద్దు.

చీకటి పడ్డాక

పాములు ఈ కొండల్లో ఉన్నాయి: కట్లపాము, రక్తపింజరి, నాగుపాము, అడవి లోపల గిరినాగు. వీటిలో నేల మీద పడుకునేవాళ్లకు కట్లపాముతోనే ప్రమాదం ఎక్కువ. రాత్రి తిరుగుతుంది, కాటు నొప్పి పెద్దగా ఉండదు, నిద్రలో తెలియకపోవచ్చు. కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే కాటు గుర్తు కనపడకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. టెంట్ జిప్పు లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా వెంటనే మూయాలి. బూట్లు లోపల పెట్టుకోండి, పొద్దున దులిపి వేసుకోండి. టార్చి లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు. కాటు పడితే ఉంగరాలు, వాచీ తీసేసి, ఆ అవయవం కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని వెళ్లండి. కట్టు బిగించడం, కోయడం, నోటితో లాగడం, మంత్రం, ఆకు పసరు ఏవీ వద్దు, వాటికి పోయే ప్రతి నిమిషమూ నష్టమే. 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే అంబులెన్సు కోసం కూర్చోకుండా మీ బండిలోనే దగ్గర్లోని అరకు, పాడేరు లేదా చింతపల్లి ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. టెంట్ వేయకముందే ఆ దారి, దూరం చూసి పెట్టుకోవాలి.

తిండి సామాను టెంట్‌లో ఉంచొద్దు. ఎలుకలు గుడ్డ కొరుకుతాయి, కుక్కలు, పందులు వస్తాయి. మూత బిగించిన డబ్బాల్లో బండిలో పెట్టండి. ఎలుగు ఎదురైతే పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. వేకువన నడిచేటప్పుడు గుంపుగా, మాట్లాడుకుంటూ నడిస్తే అది ముందే తప్పుకుంటుంది.

మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తవ్వి, పూర్తిగా మట్టి కప్పాలి. తడి టిష్యూలు, ప్యాడ్లు మట్టిలో కలవవు, కవర్లో కట్టి వెనక్కి తేవాల్సిందే.

దోమల సంగతి చలికాలంలో కూడా వదలొద్దు. పాడేరు ఏజెన్సీకి మలేరియా చాలా పాత శత్రువు. పొద్దు గూకకముందే నిండు చేతుల చొక్కా, సాక్సు వేసుకుని, బయట ఉన్న చర్మానికి 20 నుంచి 30 శాతం డీట్ ఉన్న మందు రాయండి. గడ్డి మీద నేరుగా కూర్చోవడం, పడుకోవడం వద్దు. గడ్డిలోని అతి సన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. బరకం వేసుకుని కూర్చోండి, తిరిగొచ్చిన రోజే బట్టలు వేడినీళ్లలో వేసి స్నానం చేయండి.

తెల్లవారుజాము

మంచు సముద్రం రోజూ ఉండదు. ముందు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకుండా, నేలలో తేమ ఉంటే లోయలో పొగమంచు నిండుతుంది, కొండ తల దాని పైన తేలుతుంది. రాత్రి పడుకోబోయే ముందు చుక్కలు దట్టంగా కనిపించి, టెంట్ మీద అప్పటికే మంచు తడి పట్టి ఉంటే మర్నాడు ఆశ పెట్టుకోవచ్చు. మబ్బు పట్టినా, గాలి వీస్తున్నా హాయిగా పడుకోండి, మర్నాడు చూడొచ్చు. వెళ్లేటట్టయితే డిసెంబరు చివర్లో సూర్యుడు ఆరున్నరకు కాస్త ముందు వస్తాడు, గంట ముందే పైన ఉండేలా లెక్కేసుకోండి. ఎక్కేటప్పుడు జాకెట్ తీసి సంచిలో పెట్టండి. చెమటతో పైకి చేరి గాలిలో నిలబడితే పది నిమిషాల్లో వణుకు. సూర్యుడు రాగానే దిగిపోయేవాళ్లే ఎక్కువ, అది పొరపాటు. ఎండ తగిలాక మంచు కదలడం మొదలవుతుంది, ఏడు నుంచి ఎనిమిది మధ్య అది అలల్లా లేచి కొండ మీదికి పాకే తీరే అసలు చూడాల్సింది. డ్రోనులు, స్పీకర్లు లేకపోతే అందరికీ అది దక్కుతుంది.

జలపాతాల దగ్గర కాళ్లు తడుపుకోవడం వరకే. కటికి, అనంతగిరి, కొత్తపల్లి, ఏదైనా సరే, పాచి పట్టిన బండ సబ్బు కన్నా జారుడు. నీటి కింద గుంట ఎంత లోతో పైకి తెలియదు. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది, రంగు మారినా, ఆకులు కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కండి.

ఊళ్లలో ఫొటోలు అడిగే తీయండి, పిల్లల్ని అసలే వద్దు. థింసా వాళ్ల పండగల ఆట, డబ్బిచ్చి అడిగినప్పుడల్లా ఆడాలని పట్టుబట్టకూడదు. నవంబరు నుంచి కాఫీ పండ్లు ఎర్రగా ఊరిస్తాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ అదే, కంచె లేకపోయినా దానికి యజమాని ఉన్నాడు. కోయొద్దు.

విప్పి, ఇంటికి చేరాక

పొద్దున టెంట్ ఎండకు ఆరనిచ్చి మడవండి. తొందరగా వెళ్లాల్సి వస్తే పై గుడ్డను వేరే కవర్లో పెట్టండి, లోపలి గుడ్డ తడవదు. చెత్తంతా గోనె సంచిలో వేసి విశాఖకు తీసుకురండి. కొండ మీద డబ్బాలో వేస్తే పని అయిపోయిందనుకోవద్దు, చాలా చోట్ల దాన్ని కిందికి దించే బండి లేదు, గాలికి గెడ్డలోకే చేరుతుంది. చివరగా వరసగా నిలబడి నేల చూస్తూ ఒకసారి నడవండి, గడ్డిలో మిగిలిన మేకు పశువు కాలిలో దిగుతుంది.

ఇంటికొచ్చాక టెంట్‌ను మళ్లీ రెండు రోజులు నీడలో ఆరేయాలి. విశాఖ సముద్రపు తేమలో కాస్త తడి మిగిలినా బూజు పడుతుంది, గుడ్డ లోపలి పూత జిగురుగా మారి ఊడిపోతుంది. సంచిలో గట్టిగా కుక్కకుండా, పెద్ద పాత దిండు గలీబులో వదులుగా వేసి, గోద్రెజ్ బీరువా పై అరలో పెట్టండి. స్లీపింగ్ బ్యాగ్ కూడా అలాగే, నొక్కి పెడితే దూది చచ్చిపోతుంది.

ఆ తర్వాత నెల రోజుల్లో ఎవరికైనా చలి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని చూద్దామనుకోవద్దు. అదే రోజు రక్త పరీక్ష చేయించుకోండి, ఏజెన్సీలో రాత్రి పడుకున్నామని డాక్టరుకు మొదటే చెప్పండి. నడుము, చంక, గజ్జల దగ్గర సిగరెట్టు కాలినట్టు నల్లటి చిన్న పక్కు కనిపిస్తే అదీ చూపించండి. మలేరియా అయినా స్క్రబ్ టైఫస్ అయినా తొలి రోజుల్లో పట్టుకుంటే మందులకు లొంగుతాయి.